గెంతు చదువు పథకం

ఒక పెద్ద అడవిలో దున్నపోతు విద్యాధికారి అయింది. ఎలా అయిందని అడక్కండి, అయిందంతే! ఎంతసేపైనా కదలకుండా ఒకేచోట కూర్చోగలదని సింహరాజు ముచ్చటపడి ఇచ్చిన ఉద్యోగమట. అప్పట్నుంచీ ఆయన మహిషేశ్వర్రావు గారు.

కుర్చీ ఎక్కగానే ఆయన ఒక ఆర్డరు వేశారు. బళ్ళో పిల్లలు నోటి మీద వేలేసుకుని, కదలకుండా కూర్చోవాలి. కదిలితే చదువు ఒలికిపోతుందట!

వాగొడ్డు బళ్ళో ఉడుత పంతులమ్మ చుక్కమ్మకి ఇది ప్రాణం మీదికొచ్చింది. ఉడుతని పట్టుకుని కదలొద్దంటే ఏమైపోతుంది చెప్పండి? పైగా ఆమె ఒకటో తరగతిలో గుమ్మడి అని ఓ ఎలుగుబంటి పిల్ల ఉంది. బంగారు తల్లే, కానీ కూర్చోబెట్టి అంకెలు చెబితే మూడు దాటగానే ఆవలింతలు. ఇప్పటికే రెండు తనిఖీల్లో తప్పింది. మూడోసారి పది దాకా లెక్కపెట్టకపోతే హాజరు పట్టీలోంచి పేరు కొట్టేస్తామని కాగితం వచ్చింది.

"పంతులమ్మగారూ, నన్ను ఇంటికి పంపించెయ్యరు కదా?" అని గుమ్మడి అడిగినప్పుడల్లా చుక్కమ్మ దాని తల నిమిరి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది.

ఒకరోజు ఇక ఉండబట్టలేక, "పదండర్రా!" అని పిల్లలందర్నీ వాగులోకి తోలుకుపోయింది. ఒక్కో రాయి మీదికీ దూకాలి, ఒక్కో అంకె అరవాలి. గుమ్మడి దభీదభీమని దూకుతూ "ఒకటీ! రెండూ!" అని మొదలుపెట్టి, "తొమ్మిదీ! పదీ!" అంటూ అవతలి గట్టెక్కేసింది. తనేం చేసిందో అప్పటికిగానీ తెలియలేదు దానికి. తెలిశాక మళ్ళీ లెక్కపెట్టుకుంటూ వెనక్కి దూకింది. చుక్కమ్మ ఆనందం పట్టలేక తన తోక తనే పట్టుకుని గిరగిరా తిరిగింది.

"ఇది బడా, సంతా?" అని వెనకనుంచి రంకె వినిపించింది. మహిషేశ్వర్రావు గారు! పక్కనే ఆయన గుమాస్తా నక్క, జంబుకేశం.

"తప్పేనండి. కానీ పిల్లకి లెక్కలొచ్చాయండి," అంది చుక్కమ్మ.

జంబుకేశం దొరగారి చెవి దగ్గరికి వంగాడు. "తిట్టకండి దొరా. దీనికో పేరు పెట్టి మన పథకం అనేద్దాం. రాజుగారు మురిసిపోతారు."

అలా పుట్టింది గెంతు చదువు పథకం. ముందుగా, పిల్లలకి కదలిక ఎంత అవసరమో పంతుళ్ళందరికీ మూడు రోజుల శిక్షణ. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చుని వినాలి. రెండోరోజు కాలు మార్చిన కొంగ మాస్టారికి గైర్హాజరు వేశారు, పాపం.

తర్వాత నియమాలు దిగాయి. ఈల వేస్తేనే గెంతాలి. ఏనుగు పిల్లయినా ఎలక పిల్లయినా సరే, గెంతు జానెడే ఉండాలి. పాత ఆర్డరు రద్దు కాలేదు కాబట్టి నోటి మీద వేలు తియ్యకూడదు.

"నోరు మూసుకుని లెక్కెలా పెడతారండీ?" అంది చుక్కమ్మ.

"మనసులో పెట్టుకుంటారమ్మా!" అన్నాడు జంబుకేశం.

ప్రారంభోత్సవానికి కొండవాలు మీద వెదురు వేదిక కట్టారు. సింహరాజు కింద ఆసనం మీద కూర్చున్నాడు, మహిషేశ్వర్రావు గారు పిల్లలతోపాటు వేదికెక్కి కుర్చీ నిండా కూర్చున్నారు. గుమ్మడి మూడో తనిఖీ కూడా రాజుగారి ముందే!

ఈల మోగింది. గుమ్మడి నోటి మీద వేలుతో జానెడు గెంతింది. ఇంకో జానెడు గెంతింది. మూడోదానికి కాళ్ళు తడబడ్డాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మనసులో ఎంతదాకా వచ్చావే?" అని దొరగారు గద్దించారు. గుమ్మడి వెక్కుతూ రెండు వేళ్ళు చూపించింది.

"కొట్టెయ్యి పేరు!" అన్నారాయన. జంబుకేశం కలం సిరాలో ముంచాడు.

చుక్కమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ముందు నా పేరు కొట్టుకోండి!" అని ఒక్క అరుపు అరిచింది. "గుమ్మడీ, వేలు తీసెయ్యవే! వాగులో దూకినట్టు దూకవే నా తల్లీ!"

గుమ్మడి దూకింది! దాన్ని చూసి ఏనుగు పిల్లా దూకింది. వేదిక ఫెళఫెళమంది. కుర్చీతో సహా మహిషేశ్వర్రావు గారు వాలు మీద దొర్లడం మొదలెట్టారు.

"ఒకటీ!" అని గుమ్మడి గొంతెత్తింది. ఆయన పల్టీ కొట్టినప్పుడల్లా ఇది ఎగురుతూ "రెండూ! మూడూ!" ఐదు దగ్గర పిల్లలంతా గొంతు కలిపారు, ఏడు దగ్గర సాక్షాత్తూ రాజుగారే కలిపారు. "తొమ్మిదీ! పదీ!" అనేసరికి దొరగారు కిందున్న బురదగుంటలో బుడుంగుమన్నారు.

"పిల్ల పది చెప్పింది! పేరు ఉంచండి, పంతులమ్మనీ ఉంచండి!" అన్నాడు సింహరాజు, పొట్ట పట్టుకుని నవ్వుతూ. చుక్కమ్మ ఎగిరి గుమ్మడి మెడ కావిలించుకుని నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసేసింది.

బురదలోంచి రమ్మంటే మహిషేశ్వర్రావు గారు రాలేదు. అంత హాయి ఆఫీసులో ఎప్పుడూ ఎరగరట.

జంబుకేశం కలంలో సిరా ఇంకా ఆరలేదు. బడికో వాలు, వాలుకో అధికారి తప్పనిసరి అని అక్కడికక్కడే కొత్త ఆర్డరు రాసేశాడు.

దీన్నిబట్టి తెలిసేదేమిటయ్యా అంటే: చదువు రావాలంటే పిల్లలే కదలక్కర్లేదు, పై అధికారి కదిలినా చాలు.