మొహమాటానికి మూడు భాషలు

రాజారావు ఆ ఉదయం అనుకున్నది చిన్న పని: పాలు తెచ్చుకుని, ఆఫీసుకు వెళ్లి, అక్కడి కుర్రాళ్లను చాటుగా ఒక మాట అడగడం. కూతురు శ్రీలేఖ కండ్లకోయలో ఇంజనీరింగ్ రెండో ఏడు. కాలేజీ బస్సుకు పరిగెడుతూ, "నాన్నా, కంప్యూటర్ భాషలు సి, జావా, పైథాన్‌లలో ఏది తీసుకోను? ఈ రాత్రికల్లా కాలేజీకి చెప్పాలి," అంది. ఇన్నేళ్లలో ఆ పిల్ల తనను సలహా అడగడం అదే మొదలు. ఆయన పొంగిపోయాడు. జవాబు తెలియదన్న సంగతి ఆమె గేటు దాటాక గుర్తొచ్చింది.

కాలనీలో ఆయన 'కంప్యూటర్ సార్'. ఆఫీసులో కంప్యూటర్ గది తాళంచెవి ఆయన దగ్గరుంటుంది, సంబంధం అంతవరకే. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

పాల బూత్ దగ్గర అదే కాలనీ జనార్ధన్ పట్టుకున్నాడు. "సార్, మా పోరడు బబ్లూ జావా నేర్సుకుంట అంటుండు. మంచిదేనా?"

ఆశగా చూస్తున్న మొహానికి 'తెలియదు' అని చెప్పడం రాజారావుకు చేతకాదు. ఎదుటివాడు చిన్నబుచ్చుకుంటే తానే ఏదో లాక్కున్నట్టుంటుంది. "భేషుగ్గా! బ్యాంకులు, పెద్ద కంపెనీలు దాని మీదే నడుస్తాయి," అన్నాడు.

బూత్ పక్కన ఆకుకూరలమ్మే గౌడవెల్లి శివమ్మ ఆ మాట వింది. "మా మనుమరాలు రోజారాణి పైథానో ఏందో అంటాంది సారూ. కొత్తగ షురూ జేసింది, మస్తు భయపడ్తాంది."

"కొత్తవాళ్లకి అదే తేలికమ్మా."

"నీ కడుపు సల్లగుండ!" శివమ్మ కొత్తిమీర ఒక కట్ట ఎక్కువేసింది.

ఇంటి ముందు పక్కింటి జానకీదేవి ఎదురైంది. "మా అబ్బాయి విశ్వతేజకి మిషన్లంటే పిచ్చండీ. సి పాతదైపోయిందంటున్నారు, నిజమేనా?"

"ఎవరన్నారు? మిషను లోపలికి దిగాలంటే అదే కావాలి."

ఆఫీసులో అడిగితే ముగ్గురు కుర్రాళ్లు మూడు చెప్పి, భోజనాల వేళదాకా పోట్లాడుకున్నారు.

సాయంత్రం ఆయన తిరిగొచ్చేసరికి గేటు దగ్గర జనార్ధన్, శివమ్మ, జానకీదేవి నిలబడి ఉన్నారు. పొద్దున పెద్దవాళ్లు ఫోన్లు చేసి ఆయన సలహాలు చెప్పేసరికి పిల్లలంతా శ్రీలేఖతో పాటు ఒకే బస్సులో ఉన్నారు మరి.

"ఏంది సార్? మావోనికి జావా అంటిరి, శివమ్మ మనుమరాలికి పైథాన్ అంటిరి! పొల్లగాండ్లు బస్సుల కొట్లాడుకుండ్రంట. ఇగ ఏది నిజం?" అన్నాడు జనార్ధన్.

అప్పుడే బస్సు దిగిన శ్రీలేఖ గేటు తీసింది.

"మూడూ నిజమే అంకుల్. బబ్లూకి కంపెనీ ఉద్యోగం కావాలి, అందుకే జావా. రోజాకి ముందు భయం పోవాలి, పైథాన్. విశ్వతేజకి మిషన్లు, సి. ఎవరికేం కావాలో చూసే చెప్పారు మా నాన్న."

ఆ నాన్న ఎవరో తెలుసుకోవాలని రాజారావుకూ అనిపించింది.

"ఔ మల్ల!" జనార్ధన్ మెత్తబడ్డాడు. "మరి నీకేం జెప్పిండమ్మా?"

శ్రీలేఖ ఆయన వైపు తిరిగింది. ఇప్పుడు ఏ పేరు చెప్పినా ఈ పిల్ల నమ్మేస్తుంది. మొదటిసారిగా ఆయనకు మొహమాటం కంటే భయం ఎక్కువైంది.

"నాకు తెలియదమ్మా. ఆ గది తాళం తీయడం తప్ప నాకేమీ రాదు."

శ్రీలేఖ నవ్వింది. "ఈ మాట పొద్దునే చెప్పొచ్చుగా! లోపలికి రండి, ఇద్దరం కలిసి చూద్దాం."

తలుపు మూసుకుంది. గేటు దగ్గర ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"సమజైందా?" అన్నాడు జనార్ధన్. "అసలుది బిడ్డ కోసం దాసుకున్నడు."

మర్నాడు శివమ్మ కొత్తిమీర ఒక్క కట్టే ఇచ్చింది.