కారణం చెప్పని ఆలస్యానికి జేజేలు

మా విమానం నడపాల్సిన పైలట్ లాంజిలో బూట్లు విప్పేసి, టోపీ ముఖాన కప్పుకుని గుర్రుపెట్టి నిద్రపోతున్నాడని మొట్టమొదట కనిపెట్టింది నేనే.

కిటికీ అవతల విమానం నిక్షేపంగా నిలబడి ఉంది. ఇంధనం పోసిన బండి తన దారిన తాను వెళ్ళిపోయింది. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. ధ్రువ సముద్రానికి వెళ్ళే మా ఓడ, ఉత్తరాన కొసాకొన ఉన్న రేవు నుంచి ఆ సాయంత్రమే బయలుదేరుతుంది. ఆ రేవుకు రోడ్డు లేదు, రైలు లేదు. ఉన్నదల్లా ఓడ కంపెనీవారు మాకోసం అద్దెకు తీసుకున్న ఆ ఒక్క విమానం. దాన్ని నడిపే మనిషేమో ఇలా ఉన్నాడు.

మీరైతే ఏం చేస్తారు? అరుస్తారు. ఫోన్ పైకెత్తి వీడియో తీస్తారు. నేను తొందరపడలేదు. ‘తరువాయి వచ్చే వారం’ అన్న మాట మీద ఇల్లు కట్టుకుని, పిల్లల్ని చదివించినవాణ్ణి. ఆలస్యం విలువ నాకు కాక ఎవరికి తెలుస్తుంది?

కాబట్టి సభాముఖంగా చెబుతున్నాను. విమానం ఆలస్యం కావడం శాపం కాదు, వరం. అందులోనూ కారణం చెప్పకుండా ఆలస్యం కావడం మహావరం!

నవ్వకండి. ముందు కౌంటర్‌లో జరిగింది వినండి.

“విమానం ఎందుకు ఆగిందమ్మా?” అని కౌంటరమ్మాయిని అడిగాను.

“ఆపరేషనల్ రీజన్స్ సార్.”

“అంటే?”

“అంటే ఆపరేషన్‌కి సంబంధించిన కారణాలు సార్.”

“అవేంటో ఎవరికి తెలుస్తాయి?”

“ఆపరేషన్స్ వాళ్ళకి సార్.”

“వాళ్ళెక్కడుంటారు?”

“నేనే సార్,” అంది, చిరునవ్వు చెదరకుండా.

ఇంత గుట్టు నా ఏ నవలలోనూ ఏ గూఢచారీ కాపాడలేదు. మేము కారణం కోసం ఆమె చుట్టూ తిరిగినంతగా జీవితంలో మరి దేనికోసమూ తిరగలేదు. కారణం తెలిసిన ఆలస్యంలో ఏముంది? తుఫానంటారు, చక్రం పాడైందంటారు, మనిషి ఆవులించి ఊరుకుంటాడు. తెలియని ఆలస్యంలోనే బుర్రకు పని.

ఇక ఆరోగ్యం సంగతి. ఆ చిన్న విమానంలో సామాను బరువుకి హద్దు ఉంది. అందుకని మేమంతా పెట్టెలో పట్టనివన్నీ ఒంటిమీద వేసుకుని వచ్చాం. లోపల థర్మల్స్, వాటి మీద ఉన్ని, ఉన్ని మీద దూది కోటు, దాని మీద వాన కోటు. లాంజిలో హీటరు మా మీద కక్ష కట్టినట్టు పనిచేస్తోంది. విప్పితే పెట్టుకోవడానికి చోటు లేదు. ఆవిరి స్నానాలకు జనం ఎక్కడెక్కడికో వెళతారు. మాకు కూర్చున్నచోటే జరిగిపోయింది. మధ్యాహ్నానికి నా ఉంగరం వేలికి వదులైంది.

సమానత్వమా? గోడకి ఒకే ఒక్క ప్లగ్గు. దాని ముందు ఒక గుండె డాక్టరు, ఒక మాజీ జడ్జీ, కొత్తగా పెళ్ళైన జంట, ఛార్జర్లు చేత్తో పట్టుకుని బుద్ధిగా వరస కట్టారు. ఏ రాజ్యాంగం సాధించింది ఇంతటి సమానత్వం?

పైగా మనం టికెట్టు కొన్నది దేనికి? సాహసయాత్రకి. నేల మీద పడక, బిస్కెట్ పొట్లం పంపకం, సాయం ఎప్పుడొస్తుందో తెలియని ఎదురుచూపు... ఇవన్నీ ఓడ ఎక్కకముందే చేతికందాయి. పూర్వం ధ్రువాల వైపు వెళ్ళినవాళ్ళ ఓడలు చలికాలమంతా మంచులో బిగుసుకుపోయేవట. వాళ్ళు తోలు బెల్టులు ఉడకబెట్టుకుని తిన్నారు. ఇక్కడ డబ్బులేసే మిషన్‌లో చాక్లెట్ ఇరుక్కుపోతే మాజీ జడ్జీగారు దాన్ని కాలితో తన్నారు.

అందరిలోకీ ఎక్కువ మేలు పొందినవాడు మా బావమరిది. ప్రపంచంలో ప్రతిదానికీ రేటింగు చుక్కలు వేయడం అతని వృత్తి కాదు, ఊపిరి. హోటల్ తువ్వాలుకి మూడు, దంతవైద్యుడికి నాలుగు. అందుకే ఇంటిల్లిపాదీ అతన్ని ‘ఐదుచుక్కలు’ అంటాం. అతని పక్క కుర్చీలో పొట్టిగా, నున్నగా గడ్డం గీసుకున్న ఒక పెద్దాయన, మామూలు చొక్కాతో, ఊలు సూదులు పట్టుకుని పసిపిల్లల టోపీ అల్లుకుంటున్నాడు. ఇన్ని కోట్ల మధ్య చొక్కాతో ఉన్నది ఆయనొక్కడే.

“మీరేం కంగారు పడకండి,” అని ఐదుచుక్కలు ఆయనకి అభయమిచ్చాడు. “ఓడ కెప్టెన్ నాకు బాగా కావలసినవాడు. ఒక్క ఫోన్ కొట్టానంటే ఓడ కదలదు.”

“మరి కొట్టండి,” అన్నాడాయన, అల్లిక మీంచి తల ఎత్తకుండానే.

“ఛార్జింగ్ లేదు.”

“నా ఫోన్ ఇస్తాను.”

“నంబరు నా ఫోన్లో ఉండిపోయింది.”

“అయ్యో. మనిషి ఎలా ఉంటాడు?”

“ఆరడుగులు. ఇంత గడ్డం. మాట కటువు, మనసు వెన్న. నన్ను చూస్తే వదలడు.”

“అలాగా,” అని ఆయన మరో వరస మొదలుపెట్టాడు.

ఇంత కమ్మటి కబుర్లు విమానం వేళకి ఎగిరి ఉంటే పుట్టేవా?

అయితే, ఈ వరం ఒక్కరికి మాత్రం పట్టలేదు. మా ఆవిడకి.

ఆవిడ భూగోళం టీచరు. ఉద్యోగమంతా ఒకే గ్లోబుతో గడిపింది. ఆ గ్లోబుకి ఉత్తర ధ్రువం దగ్గర ఇత్తడి మరమేకు ఉండేది. పిల్లలు ఏటా “దాని కింద ఏముంది టీచర్?” అని అడిగేవారు. ఈవిడ ఏటా “మంచు” అనేది. రిటైరైన రోజు ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే, “చూడకుండా చెప్పానండీ అన్నాళ్ళూ. ఒకసారి చూసి రావాలి,” అంది. అప్పట్నుంచీ ఆవిడ మరేదీ కోరలేదు. వచ్చే ఏడాది వెళ్దామంటే మోకాళ్ళు ఒప్పుకోమంటున్నాయి. డాక్టరు ఈ ఒక్కసారికే తలూపాడు.

ఓడ కంపెనీవాళ్ళు మాకు పంపిన ప్రతి సందేశంలోనూ పెద్దక్షరాలతో ఒకటే మాట. ఎవరు రాకపోయినా, ఎందుకు రాకపోయినా, ఓడ ఒక్క నిమిషం కూడా ఆగదు. మా ఆవిడ ఆ మాటని మళ్ళీ మళ్ళీ చదువుకుని ఫోన్ సంచిలో పెట్టేసింది. తర్వాత గోడ గడియారాన్నీ, దాన్ని చూసేవాళ్ళనీ చూస్తూ కూర్చుంది.

పరిశోధనకి దిగక తప్పలేదు. వెళ్ళి పైలట్‌ని తట్టి లేపాను.

“బాబూ, ఎప్పుడు ఎగురుతావు?”

“చెప్పినప్పుడండీ.”

“ఎవరు చెప్పాలి?”

“అది చెప్పొద్దన్నారండీ,” అని టోపీ మళ్ళీ ముఖం మీదికి లాక్కున్నాడు.

మైకులో కౌంటరమ్మాయి గొంతు వినబడింది. ఆపరేషనల్ రీజన్స్ వల్ల విమానం సాయంత్రానికి వాయిదా పడిందట. సూర్యుడు నెలల తరబడి అస్తమించని చోట ‘సాయంత్రం’ అంటే ఏమిటని అడిగేవాడే లేకపోయాడు.

అప్పుడు మొదలైంది అసలు కోలాహలం. కొత్తజంట పెట్టె బరువెక్కువై విమానం లేవడం లేదని గుండె డాక్టరు తీర్మానించాడు. డాక్టరు తన పెట్టెలో నిషేధించినదేదో తెచ్చి ఉంటాడని కొత్త పెళ్ళికూతురు అంది. మాజీ జడ్జీగారు ఇద్దరి మీదా కేసు నడుస్తుందన్నారు. ఒకామె ఇదంతా తన జాతకమంది. నేను నా వంతుగా పైలట్ తాగి ఉన్నాడని అనుమానించాను. వెళ్ళి వాసన చూశాను. పాలు.

“అక్కా, ఈ విమానాశ్రయానికి అరచుక్క,” అని ఐదుచుక్కలు ప్రకటించాడు.

“నోర్మూసుకోరా తమ్ముడూ,” అని మా ఆవిడ లేచింది.

లేచి, ఆ నాలుగు పొరల బట్టలతో, మోకాళ్ళు పట్టుకుంటూ నెమ్మదిగా నడిచి, టోపీ అల్లుకునే పెద్దాయన ఎదుట నిలబడింది. ఏ క్లాసులోనైనా చివరి బెంచీని నిశ్శబ్దం చేసే గొంతుతో అడిగింది.

“మీరేనా?”

సూదులు ఆగాయి.

“పొద్దుట్నుంచీ చూస్తున్నాను. ఇంతమందిలో గోడ గడియారం వంక చూడనిది ఇద్దరే. ఆ పడుకున్నాయన, మీరు. ఆయన ఎవరో చెప్పినట్టు వింటున్నాడు. చెప్పింది మీరా?”

“ఎందుకలా అనుకున్నారమ్మా?”

“పిల్లలతో వేగినదాన్ని. కిటికీ అద్దం పగిలిన రోజు క్లాసంతా గోల చేస్తుంది. పగలగొట్టినవాడొక్కడే బుద్ధిగా పుస్తకం చదువుకుంటూ ఉంటాడు.”

ఎవరూ లేవమనలేదు. అయినా ఆయన లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకోవడం ఒక్కటే తక్కువ.

“నేనేనమ్మా. ఆ ఓడ కెప్టెన్ని. ఇవాళ మీతోపాటే వెళ్ళి డ్యూటీలో చేరాలి.”

ఐదుచుక్కలు అంతవరకూ అవసరం లేని ఒక స్తంభం వెనక్కి వెళ్ళాడు.

“ఓడ వెళ్ళిపోతుందా?” అంది మా ఆవిడ.

“ఎక్కడికి వెళ్తుందమ్మా, అసలు రేవుకే రాలేదు. పోయిన ట్రిప్పులో మంచు అడ్డం తిరిగింది. రేపు మధ్యాహ్నానికి వస్తుంది. మిమ్మల్ని ఎక్కించుకోకుండా అంగుళం కదలదు, నాది పూచీ. ఆ రేవులో మిమ్మల్ని దింపితే కూర్చోడానికి చేపలు ఎండేసే షెడ్డు తప్ప ఏమీ లేదు. అందుకని పొద్దున్నే పైలట్‌కి ఫోన్ చేసి ఆపించాను. కౌంటర్లో అమ్మాయికీ నోరు విప్పొద్దని, మరీ అడిగితే సాయంత్రమని చెప్పి ఊరుకోమని నేనే చెప్పాను.”

“మంచి పనే చేశారు. మరి ఆ మాట పొద్దున్నే మైకులో చెబితే ఏం పోయేదండీ? ఇన్ని గంటలు నా ప్రాణం నా దగ్గర లేదు.”

లాంజి మొత్తం ఆయన చుట్టూ మూగింది. పైలట్ కూడా టోపీ కొంచెం పైకెత్తి చూశాడు. కెప్టెన్ అల్లికని సంచిలో పెట్టుకుని, దోషిలా తల వంచుకుని చెప్పాడు.

“తప్పేనమ్మా. కానీ చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. కారణం చెప్పకపోతే మీరు ఆకాశాన్ని తిడతారు, పైలట్ని తిడతారు, జాతకాన్ని తిడతారు, కాసేపయ్యాక ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు. కారణం చెబితే మాత్రం అందరూ కలిసి నన్నే తిడతారు. అందుకే చెప్పొద్దన్నాను.”