ల్యాప్‌టాప్‌కు గాలి సోకింది

ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ పాడై ఉండటం ఎంత అదృష్టమో మీలో ఎవరికైనా తెలుసా? తెలియదు! మీవన్నీ పనిచేస్తున్నాయి కదా, పాపం!

నాది తొమ్మిది రోజులు పనిచేయలేదు. జూలై మొదటి ఆదివారం, శుభమా అని పాత సిస్టమ్ పీకేసి లినక్స్ ఎక్కించాను. ఎక్కింది. రీస్టార్ట్ చేశాను. నల్లటి తెర, దాని మీద 'రెస్క్యూ' అని ఒక్క మాట, పక్కన మినుకుమినుకుమంటూ ఒక గీత. ఎవరిని కాపాడమంటోంది? దాన్నా, నన్నా? బూట్ లోడర్ లోపమట. ఆన్ చేయగానే లోపల పడుకున్న సిస్టమ్‌ని తట్టి లేపే చిన్న ప్రోగ్రాం అది. లేపాల్సినవాడే లేవలేదు!

నష్టమేముంది? ఆఫీసు మెయిళ్లు లేవు. మా ఆవిడ యాగొదా పెళ్లయిన కొత్తలోలాగా నాతో గంటగంటకీ మాట్లాడింది. "ఇంకా అవలేదా?" అన్న ఒక్క ముక్కే అనుకోండి. నాకు ఎక్కడలేని వినయం అబ్బింది. ఏ మఠంలో చేరినా ఇంత అబ్బదు.

ఆ వినయంతోనే ఫోన్లో ఒక ఫోరంలో సాయం అడిగాను. మొదటి జవాబు: "ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్ తీసేశారా?"

ఒళ్లు మండింది! ఇరవై ఏళ్లుగా పత్రికలో కాలమ్ రాస్తున్న మనిషిని అడిగే ప్రశ్నేనా ఇది? ఆయన్ని వదిలేసి రెండో జవాబు పట్టుకున్నాను. పద్నాలుగు పేజీలు. మనిషికి గౌరవం ఇవ్వడమంటే అదీ! ఎనిమిది రోజులు ఆ కమాండ్లు కొడుతూనే ఉన్నాను.

అప్పుడు మా అత్తగారు రదోయ్కా రంగంలోకి దిగారు. ఇల్లు ఆవిడది.

"అల్లుడూ, దీనికి ప్రొమాయా తగిలింది" అని తేల్చేశారు.

ప్రొమాయా అంటే ఎదురెదురు కిటికీల మధ్య వీచే గాలి. మా నీష్ ఊళ్లో మెడ పట్టేసినా, పన్ను సలిపినా, కుదిరిన పెళ్లి తప్పిపోయినా కారణం అదే. ఎండకు తాళలేక నేనేమో రెండు కిటికీలూ బార్లా తెరిచి, సరిగ్గా వాటి మధ్య బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టాను. ఇంకేం కావాలి సాక్ష్యం?

"అత్తయ్యగారూ, అది యంత్రం. దానికి మెడ ఎక్కడుంది?"

"మడత పడే ప్రతిదానికీ మెడ ఉంటుంది."

"వదిలెయ్యవే అమ్మా" అంది యాగొదా.

"నువ్వుండవే! మీ నాన్నా ఇలాగే నవ్వాడు. ఏమైంది? ఎడమ చెవి పోయింది." నావైపు తిరిగారు. "పందెం అల్లుడూ. రేపటిలోగా నువ్వు బాగుచేస్తే వేసవంతా కిటికీలు తెరుచుకో. లేదూ, నా చేతిమీదుగా తగ్గిందా, సెప్టెంబరు దాకా మూసే ఉంటాయి."

సైన్సు తెలిసినవాణ్ణి కదా, నవ్వి సరేనన్నాను. చల్లగాలి ఖాయమనుకున్నాను.

మర్నాడు నా గడువు అయిపోయింది. ఆవిడ కిటికీలు మూశారు. రకియాలో, అంటే మా ప్లమ్ పళ్ల సారాలో గుడ్డ తడిపి, మూత మీద రుద్దారు. మామగారి ఉన్ని మఫ్లర్ తెచ్చి చుట్టబోయారు.

"ఈ పుల్లేమిటి, అడ్డంగా?" అంటూ పక్కన పొడుచుకొచ్చిన పెన్‌డ్రైవ్ పీకి ఏప్రన్ జేబులో వేసుకున్నారు. చుట్టారు. అరగంట సోఫాలో పడుకోబెట్టారు. విప్పి, బటన్ నొక్కారు.

లేచి కూర్చుంది వెధవది! పాస్‌వర్డ్ అడిగింది!

"చూశావా అల్లుడూ? చెమట పట్టి తగ్గిపోయింది."

నా చూపంతా ఆ ఏప్రన్ జేబు మీదే ఉంది. నిజం చెబితే కిటికీలు తెరుచుకుంటాయి. కానీ ఆ మొదటి జవాబు తొమ్మిది రోజుల కిందటే చదివానని యాగొదా ముందు ఒప్పుకోవాలి. మీరైతే ఒప్పుకుంటారా? నేను మాత్రం అత్తగారి చెయ్యి ముద్దుపెట్టుకుని, "మీ మఫ్లర్ మహిమే మహిమ!" అన్నాను.

అలా బూట్ లోడర్ దయవల్ల మా ఇంట్లో శాంతి నెలకొంది. బయట ముప్పై తొమ్మిది డిగ్రీలు. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. ముందుజాగ్రత్తగా ఆ మఫ్లర్ ఇప్పుడు నా మెడకు చుట్టారు. ల్యాప్‌టాప్ మాత్రం భేషుగ్గా ఉంది, లోపల ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. ఈ ఇంట్లో గాలి ఆడుతున్నది దానికొక్కదానికే. అందుకే దాని పక్క కన్నాల దగ్గర మొహం పెట్టుకుని ఇది రాస్తున్నాను.

అదీ వేడిగాలే!