గవరయ్య తాత ఒప్పు జవాబులు

ఒక పెద్ద అడవిలో ఒక ముసలి కొండముచ్చు ఉండేది. తప్పు, ఉండేవాడు. 'ఉండేది' అంటే ఆయనకి కోపం, ఆయన కోపం ఒకసారి వచ్చిందంటే పోయేది కాదు. పేరు గవరయ్య. చదువు తక్కువ, పట్టింపు ఎక్కువ. ఈ కథ చెబుతుంటే మా ఇంట్లోవాళ్ళు "ఎవరి గురించో తెలిసిందిలే" అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చూసుకోనీండి. ఆయన చెట్టు ఎక్కగలడు, నేను ఎక్కలేను. మిగతా తేడాలు నేనూ వెతుకుతున్నాను.

గవరయ్య తాతది కాపలా పని. వాగు ఒడ్డున ఏరుమద్ది చెట్టుంది. దాని చిటారు కొమ్మ మీద కూర్చుని నాలుగు దిక్కులా చూడాలి. కింద దుప్పులూ కుందేళ్ళూ పందులూ నీళ్ళు తాగుతుంటాయి. చిరుత కనబడితే "ఖర్ర్! ఖక్! ఖక్!" అని అరవాలి. కిందవాళ్ళు పరిగెత్తాలి. తాతలనాటి నుంచి ఆ కొమ్మ వాళ్ళ వంశానిదే.

ఆ కొమ్మ మీద ఇంకొకడికి కన్నుండేది. వాడు సింగారం అనే నెమలి. ఓసారి చిరుత వచ్చినప్పుడు తాత కంటే ముందు వాడు "కెయ్యావ్!" అన్నాడు. అడవంతా వాణ్ణే మెచ్చుకుంది.

"నేను ముందే చూశాను," అన్నాడు తాత. "గొంతు సవరించుకుంటున్నాను. మర్యాదస్తుడు గొంతు సవరించుకోకుండా అరుస్తాడా?"

"నువ్వు సవరించుకునేసరికి ఇక్కడ వినేవాళ్ళు మిగలరు తాతా," అన్నాడు సింగారం. "చూపు ఆనడం లేదేమో. ఆ కొమ్మ నాకిచ్చి కిందికొచ్చి కూర్చో. పండ్లు రాలితే ఏరుకోవచ్చు."

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళు మరిచిపోయారు. తాత మరిచిపోలేదు.

మర్నాడే తాత నక్క దగ్గరికి వెళ్ళాడు. నక్క అడవి పంచాయతీకి సెక్రటరీ. ప్రెసిడెంటు అడవిపందే గాని, ప్రెసిడెంటు ఏమనుకోవాలో నక్క చెప్పేది.

"కాపలా అంటే అందరికీ అలుసైపోయింది," అన్నాడు తాత. "రెక్కలున్న ప్రతివాడూ కొమ్మ అడుగుతున్నాడు. ఏదైనా పరీక్ష పెట్టు."

"చెట్టెక్కే పరీక్ష పెడదామా?"

"వాడు ఎగురుతాడు."

"అరుపు పరీక్ష?"

తాత గొంతు సవరించుకున్నాడు. నక్క తోకతో నేల మీద ఈగని కొట్టింది. "అయితే ఇంగ్లీషు పెడదాం పెద్దాయనా. ఎవరికీ రాదు. కాబట్టి ఎవరూ తప్పు పట్టలేరు."

"నాకు మాత్రం వచ్చా?"

"మీరు పెద్దలు. మీకు రాదని అనే మొనగాడెవడు?"

ఆ మాట తాతకి నచ్చింది. ఇలాంటి మాట నచ్చినచోటే మనబోటివాళ్ళం బోర్లా పడతాం.

ఇంగ్లీషు చెప్పడానికి అడవిలో ఒక్కతే ఉంది, గోరువంక. ఊళ్ళో ఒక ట్యూషన్ ఇంటి వసారాలో పంజరంలో పెరిగి, ఎవరో తలుపు వెయ్యడం మరిచిపోతే ఎగిరొచ్చింది. పంజరం వసారాలో, పాఠం లోపలి గదిలో. మాస్టారి గొంతు గొణుగుడులాగే వినిపించేది: "ఊఁ ఊఁ ఊఁ... డాష్... ఊఁ ఊఁ." దానికి పిల్లలు మాత్రం పెంకులు ఎగిరేలా అరిచేవాళ్ళు: "ఇన్!" "ఆన్!" "ఎట్!" "ది!" మాస్టారు "కరెక్ట్!" అనేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. గోరువంకకి వచ్చిన ఇంగ్లీషు అంతా ఇదే. అదే పద్ధతిగా, చప్పట్లతో సహా, అడవికి నేర్పింది.

కాపలా కావాలన్నవాళ్ళకే కాదు, అరుపు వినేవాళ్ళకి కూడా క్లాసు తప్పనిసరి అన్నది నక్క. చుక్కమ్మ అనే దుప్పి తన పాలపిల్లని పక్కన పెట్టుకుని వచ్చి కూర్చుంది.

"ఊఁ ఊఁ అంటున్నావు గదా పంతులమ్మా, అక్కడ మాటలేమిటి?" అని అడిగింది.

"అవి నీకెందుకమ్మా? ముందుది వాళ్ళే రాసిస్తారు, వెనకదీ వాళ్ళే రాసిస్తారు. మధ్యలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో సరైన మాట పడెయ్యడమే చదువు."

"ఇంతకీ ఆ వాక్యం దేని గురించి?"

"దేని గురించైనా మార్కు ఒకటే."

"అడ్డు ప్రశ్నలు వెయ్యకు అమ్మాయ్," అన్నాడు తాత. తనకీ అదే అనుమానం వచ్చింది. అడిగితే పరువు పోతుందని ఆగాడు. అడిగేసిన చుక్కమ్మ మీద అందుకే కోపం వచ్చింది.

గోరువంక కిటుకులు చెప్పింది. "గొణుగుడు కిందికి దిగితే ఇన్. పైకి లేస్తే ఆన్. తిన్నగా వెళ్ళి ఒకచోట ఆగితే ఎట్. ఏదీ తోచకపోతే, ది."

తాత రాత్రీ పగలూ సాధన చేశాడు. పేలు చూడమని వాళ్ళ ముసలావిడ తల వంచితే "ఊఁ ఊఁ... ఎట్!" అని చేతులు దులుపుకునేవాడు. "ఈ వయసులో ఏం పుట్టిందయ్యా నీకు?" అని ఆవిడ మొత్తుకుంది. ఏం పుట్టిందో ఆవిడకీ తెలుసు. నెమలి.

పరీక్ష రోజు వాగు ఒడ్డు నిండిపోయింది. ముందు సింగారాన్ని పిలిచారు. గోరువంక "ఊఁ ఊఁ... డాష్... ఊఁ" అంది.

సింగారం పింఛం విప్పాడు, మళ్ళీ ముడిచాడు. "నాలుగు మాటలూ చెప్పేస్తాను. మీకు కావలసింది తీసుకోండి."

"ఒక్కటే చెప్పాలి."

"అయితే కెయ్యావ్!"

"సున్నా," అంది నక్క.

తాత వంతు వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని ప్రతి గొణుగుడూ ఆఖరిదాకా విని, ఒక్కొక్క మాటా రాయి పెట్టినట్టు పెట్టాడు. అన్నీ ఒప్పే. జనం చప్పట్లతో కొమ్మలమీది పిట్టలు లేచిపోయాయి. మెడలో తంగేడు పూల దండ వేశారు. సింగారం తల దించుకుని వెళుతుంటే తాతకి కడుపు నిండింది.

అప్పుడు నక్క లేచి తీర్మానం చదివింది. "కాపలాదారుకి ఇంగ్లీషు వచ్చింది కాబట్టి ఇకమీదట కాపలా అరుపు ఇంగ్లీషులోనే ఉండాలి. నాటు అరుపు చెల్లదు. చెల్లని అరుపుకి పరిగెత్తినవాళ్ళకి వాగులో నీళ్ళ వంతు రద్దు."

"నేనలా అడగలేదే!" అన్నాడు తాత నెమ్మదిగా.

"పరీక్ష అడిగారు గదా పెద్దాయనా. పాసై మళ్ళీ పాత అరుపే అరిస్తే పరీక్షకి విలువేముంది?"

తాత మెడలో దండ సర్దుకున్నాడు.

ఎండలు ముదిరాయి. వాగు సన్నబడి ఒక్క మడుగు మిగిలింది. ఒక మిట్టమధ్యాహ్నం సింగారం తప్ప అందరూ ఆ మడుగు చుట్టూ చేరారు. చుక్కమ్మ పిల్ల ముందు కాళ్ళు వెడల్పుగా పెట్టి నీళ్ళలో మూతి ముంచింది.

పైనుంచి తాత చూశాడు. అవతలి ఒడ్డు పరికి పొదలో మచ్చలు కదిలాయి. చిరుత. ఆయన చూపుకి ఏ లోటూ లేదు, అది మాత్రం సింగారం అబద్ధం. "ఖర్ర్" గొంతుదాకా వచ్చింది. మింగేశాడు. ఫస్టున వచ్చినవాడు నాటు అరుపు అరుస్తాడా?

"పంతులమ్మా!" అని కొమ్మల్లోకి పిలిచాడు. "వాక్యం ఇవ్వు, వాక్యం!"

"ఏ వాక్యం?" అంది గోరువంక కునుకు తీస్తూ.

"చిరుత వాక్యం!"

"అది సిలబస్‌లో లేదు తాతా."

ఇక తాతే గొణుక్కున్నాడు. చిరుత పొదలోకి దిగి ఉంది. కిందికి దిగితే... "ఇన్!" అని దిక్కులు అదిరేలా అరిచాడు.

కిందవాళ్ళంతా తలలెత్తారు. "కరెక్ట్!" అని చప్పట్లు కొట్టారు. మళ్ళీ నీళ్ళు తాగారు.

చిరుత పొదలోంచి వచ్చి రాతి మీదికి ఎక్కింది. "ఆన్!" అరిచాడు తాత.

"కరెక్ట్! తాతంటే తాతే!" అన్నాడు ప్రెసిడెంటు అడవిపంది, బురదలోంచి ఒక కాలెత్తి.

చిరుత రాతి మీంచి తిన్నగా దుప్పిపిల్లకేసి వచ్చి, పొట్ట నేలకానించి ఆగింది. "ఎట్! ఎట్! ఎట్!" తాత గొంతు చిరిగిపోయింది.

"ఒక్కసారి చెబితే చాలు తాతా, మార్కు పడింది!" అని కింద నుంచి కుందేళ్ళు అరిచాయి. చప్పట్లు మోగిపోయాయి.

ఆ చప్పట్లకి చిరుత బిత్తరపోయింది. ఇన్నేళ్ళుగా వేటాడుతోంది, ఎవరూ ఇలా మెచ్చుకోలేదు. ఈ సంబరం ఎవడు చేయిస్తున్నాడా అని తలెత్తి చూసింది. చెట్టు చివర, ఎండిపోయిన దండ ఇంకా తియ్యని కొండముచ్చు కనబడ్డాడు. దుప్పిపిల్ల ఎక్కడికీ పోదనుకుందో ఏమో, ముందు ఏరుమద్ది పట్టుకుని పైకి పాకడం మొదలుపెట్టింది.

తాతకి ఏదీ తోచలేదు. ఏదీ తోచకపోతే ఏమనాలో నేర్చుకున్నాడు గదా. "ది," అన్నాడు. "ది... ది... ది..."

"కరెక్ట్!" అన్నారు కింద, నీళ్ళ మీంచి తల ఎత్తకుండానే.

చిరుత పంజా కొమ్మకి తగిలింది. అప్పుడు తాత కడుపులోంచి, వాళ్ళ నాన్న గొంతులోంచి, వాళ్ళ తాత గొంతులోంచి ఒకటే అరుపు తన్నుకొచ్చింది. "ఖర్ర్ర్! ఖక్! ఖక్! ఖక్!"

ఇది చెల్లుతుందా చెల్లదా అని ఎవరూ నక్కని అడగలేదు. కాళ్ళకి సిలబస్ తెలీదు. చుక్కమ్మ పిల్లని మూతితో ఒక్క తోపు తోసి దూకింది. కుందేళ్ళు, పందులు, ప్రెసిడెంటు, సెక్రటరీ, అందరూ ఒకే పరుగు. తాత పక్క చెట్టు మీదికి దూకాడు. చిరుత చేతికి తంగేడు దండ మిగిలింది.

సాయంత్రం పంచాయతీ కూర్చుంది.

"విచారణలో తేలిందేమంటే," అంది నక్క, "కాపలాదారు మొదట చెప్పినవన్నీ ఒప్పు. చివరిది తప్పు. పైగా నాటు."

"ఆ చివరిదానికే గదయ్యా మనం బతికింది?" అన్నాడు ప్రెసిడెంటు. "నేనూ పరిగెత్తాను."

"మీరు పరిగెత్తలేదు. అత్యవసర పర్యటనకి వెళ్ళారు. మీ వెంట మేమంతా వచ్చాం. కాబట్టి ఎవరి నీళ్ళ వంతూ పోదు." నక్క తాతకేసి తిరిగింది. "తప్పు జవాబు చెప్పినవారు మాత్రం పై కొమ్మ దిగాలి. సింగారానికి సున్నా కాబట్టి అతనికీ రాదు. ఆ కొమ్మ అదనపు బాధ్యతగా పంతులమ్మకి ఇస్తున్నాం."

గవరయ్య తాత అన్నిటికంటే కింది కొమ్మకి దిగాడు. అక్కడ నుంచి వాగు తప్ప ఏమీ కనబడదు. తాతలనాటి కొమ్మ పోయింది. తెల్లారి చుక్కమ్మ పిల్లతో వచ్చి ఆ కొమ్మ కింద నిలబడింది.

"తాతా, దీనికి దాహంగా ఉంది. పైన పంతులమ్మ ఒప్పే అరుస్తుంది. నాకు భయంగా ఉంది. నువ్వు ఇక్కడి నుంచి తప్పు అరుస్తావా?"

తాత మొహం అటు తిప్పుకున్నాడు. ఫస్టున వచ్చినవాణ్ణి పట్టుకుని తప్పు చెప్పమంటోంది. క్లాసులో కూడా అడ్డు ప్రశ్నలు వేసింది ఈ అమ్మాయే. పిల్ల మాత్రం ఇవేమీ తెలియక ఆయన వేలాడుతున్న తోక చివర నాకింది.

"నాకు ఇక్కడి నుంచి ఆనదు అమ్మాయ్," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. "ఆ పక్క గుట్ట మీద సింగారం ఉంటాడు. వాడికి కనబడుతుంది. వాణ్ణి నాకు చెప్పమను, నేను అరుస్తాను."

"అతనే అరవచ్చు గదా తాతా?"

"అరవమను. నా తర్వాత."

నీతి: ఒప్పు చెప్పేవాణ్ణి పై కొమ్మన కూర్చోబెట్టి దండ వెయ్యండి, తప్పు చెప్పేవాణ్ణి మాత్రం చెవికి దగ్గరగా ఉంచుకోండి.