జబ్బు లేని జగదల్‌పూర్ ప్రయాణం

శనివారం పొద్దున్నే మొదటి బస్సెక్కి జగదల్‌పూర్ పోవాలనీ, గోల్‌బజార్ దగ్గర లాడ్జీలో గది తీసుకుని, రెండు రోజులు ఊరంతా తిరిగి సోమవారం ఇంటికి రావాలనీ ఎర్రయ్య, అతని భార్య సోమక్క అనుకున్నారు. చింతపండు అమ్మకం అయిపోయింది. పొలం పని ఇంకా మొదలుకాలేదు. ఎర్రయ్య ఆ ఊరికి రెండుసార్లు పోయాడు, ఒకసారి పాము కరిచినప్పుడు, ఇంకోసారి కోర్టులో సాక్ష్యం చెప్పడానికి. సోమక్క అసలు చూడనేలేదు.

"ఏ రోగం లేకుండ ఒక్కసారన్న పోదామయ్యా," అని ఆమే అడిగింది.

కొత్త చీర కట్టుకుని సంచీతో బయటికొచ్చిన సోమక్కను పక్కింటి రామక్క ఆపింది.

"యాడికి వదినా, పొద్దుగాలనే?"

"జగదల్‌పూర్."

"అయ్యో! ఎవలికేమైంది?"

"ఎవలికేం కాలే. ఊరికెనే పోతున్నం."

"ఊరికెనేనా?"

"ఊరికెనే."

తమ ఊరు ఎర్రబోరులోనే పుట్టి పెరిగిన రామక్కకు, జగదల్‌పూర్‌కు ఊరికెనే పోయిన మనిషి ఇంతవరకు తారసపడలేదు. పోతే పెద్దాసుపత్రికి పోతారు, లేదా కోర్టుకు. ఎర్రయ్య మీద కేసేమీ లేదు. పైగా బస్సెక్కేటప్పుడు అతను నడుం పట్టుకోవడం ఆమె కళ్లారా చూసింది. బస్సు కనుమరుగు కాకముందే, భేజ్జి ఊళ్లో ఉండే సోమక్క వాళ్లన్న ముసలయ్యకు ఫోన్ చేసింది.

"మీ బావను పెద్దాసుపత్రికి తీస్కపోయింది మీ చెల్లె. బయటికి చెప్తలేరు. సోమక్క మొఖం నవ్వుతనే ఉన్నది గని, లోపల ఎంత ఏడుస్తున్నదో!"

జగదల్‌పూర్ పక్కన నగర్‌నార్‌లో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. కాంట్రాక్టర్లతో లాడ్జీలన్నీ నిండిపోయి, బజారంతా తిరిగితే గాని దంపతులకు గది దొరకలేదు. సంచి అక్కడ పడేసి రోడ్డు మీదికి రాగానే ఎర్రయ్యకు ఒక అద్దాల సెలూన్ కనిపించింది. వెనక్కి వాలే కుర్చీ, పైన ఫ్యాను. అందులో వాలీ వాలగానే ఎర్రయ్య నిద్రపోయాడు. గుమ్మం దగ్గర కూర్చున్న సోమక్క చేతిలో ఫోన్ మోగింది.

"సోమీ! బావ ఎట్లున్నడే?"

"లోపల పండవెట్టిన్రు అన్నా. కదుల్తలేడు."

"కదుల్తలేడా! వాళ్లేమంటున్నరు?"

"ఏమంటరు? తెల్ల గుడ్డ కప్పిన్రు. ఇగ అయిపోయినట్టే."

అంతలో ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. భేజ్జిలో ముసలయ్య, బావ పోయాడని చుట్టాలందరికీ కబురు పెట్టాడు.

ఇక్కడ సెలూన్‌వాడు జుట్టుకు రంగు వేయమంటావా అని అడిగితే ఎర్రయ్య నిద్రలోనే "ఊఁ" అన్నాడు. మీసం తీసేయమంటావా అన్నా "ఊఁ" అన్నాడు. లేచి అద్దం చూసుకుని కెవ్వుమన్నాడు. సోమక్క కూడా కెవ్వుమంది. కాసేపటికి ఇంకోసారి పరీక్షగా చూసి, "బాగనే ఉన్నవ్ తియ్యి," అని తల పక్కకు తిప్పుకుంది.

ఆదివారం పొద్దున ఒక జీపు నిండా, దాని వెనక ఒక పికప్పు బండి నిండా చుట్టాలు, వాళ్లతో రామక్కా పెద్దాసుపత్రి ముందు దిగారు. ఎర్రయ్య అనే మనిషే ఇక్కడికి రాలేదని గేటు దగ్గర చెప్పారు. "శవం లేదంటే ఎట్ల?" అని ముసలయ్య తెలుగులో మొదలుపెట్టి, హిందీలో బతిమాలి, ఇంట్లో మాట్లాడుకునే దోర్లీలో తిట్టాడు. చివరికి, ముందు శవానికి కప్పే గుడ్డ కొందాం, తర్వాత వెతుకుదాం అనుకుని అందరూ గోల్‌బజార్‌కు వచ్చారు.

ముందు చూసింది రామక్కే. చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. మిఠాయి కొట్టు ముందు సోమక్క నిలబడి ఉంది. నల్లటి జుట్టు, నున్నటి మూతితో ఎవడో కుర్రవాడు ఆమె నోట్లో జిలేబీ పెడుతున్నాడు.

"నిన్ననే గదనే మొగడు పోయింది!" అంటూ ముసలయ్య ఒక్క ఉరుకులో పోయి వాడి కాలర్ పట్టుకున్నాడు. "ఎవడ్రా నువ్వు?"

"బావా! నేను బావా!"

"అప్పుడే నీకు బావనైపోయిన్నారా?"

"అన్నా, మీ బావనే!" సోమక్క అరిచింది. "మీసం తీసిన్రు, అంతే!"

ముసలయ్య తన చూపుడువేలు ఎర్రయ్య పై పెదవి మీద అడ్డంగా పెట్టి చూశాడు. తీసి చూశాడు. మళ్లీ పెట్టి చూసి, నడిరోడ్డు మీద కూర్చుని పెద్దగా ఏడ్చాడు. చుట్టాలంతా ఏడ్చారు. రామక్క మాత్రం ఏడవలేదు.

"అయితే ఏం కాలేదా?" అంది నిష్ఠూరంగా. "ఇంతమందిమి ఇంత దూరమొస్తిమి!"

జిలేబీలు తిన్నాక ముసలయ్య తేరుకున్నాడు. ఎలాగూ వచ్చాం కాబట్టి రెండు రోజులుండి ఊరు చూసి పోదామని తీర్మానించాడు. అందరికీ నచ్చింది. కానీ తొందరలో ఎవరూ ఇంటి దగ్గర మేకలకు మేత వేయలేదు, కోళ్లను గంప కింద నుంచి వదల్లేదు. ఎవరో ఒకరు పోవాలి.

"మీరు నిన్నటి సంది చూస్తనే ఉన్నరు గద," అని ముసలయ్య చెయ్యి చాపాడు. తను చనిపోయాడనుకుని ఇంత దూరం పరిగెత్తుకొచ్చిన మనిషి కదా అని ఎర్రయ్య లాడ్జీ తాళం ఆ చేతిలో పెట్టి, సోమక్కను తీసుకుని మధ్యాహ్నం బస్సెక్కాడు.

చుట్టాలు మంగళవారం గాని తిరిగి ఊళ్లో దిగలేదు. జగదల్‌పూర్‌లో ఏమేం చూడాలో ఆ వారమంతా రామక్క సోమక్కకు విడమరిచి చెప్పింది.