చైనా తెప్పించిన అలావుద్దీన్

ఆ సోమవారం పొద్దున అలావుద్దీన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సైకిలుకు కొలిమి తిత్తి కట్టుకుని పెద్దతిప్పసముద్రం పోవాలి, అక్కడ రెడ్డెమ్మగారి ఇంట్లో ఇత్తడి గుండిగలకు కళాయి పూయాలి, పొద్దు గూకే లోపల మదనపల్లె చేరాలి. దారిలోనే కదా అని కూతురు సుల్తానాను బడి దగ్గర దించాడు. అక్కడే సోషల్ టీచరు యశోదమ్మ ఎదురుపడింది, పథకం కాస్తా గంగలో కలిసింది.

ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు ఆవిడ తలా ఒక దేశం పంచింది. ఆ దేశం గురించి రాయాలి, అక్కడి వస్తువులు తెచ్చి బల్ల మీద పరచాలి. శుక్రవారం జిల్లా నుంచి ఆఫీసరు వచ్చి చూస్తాడు, మెచ్చిన పిల్లను చిత్తూరు ప్రదర్శనకు పంపుతాడు. జపాను వచ్చిన పిల్ల ఇంట్లో ట్రాన్సిస్టరు ఉంది. కువైటు వచ్చిన పిల్లకు అక్కడ ఏకంగా మేనమామే ఉన్నాడు. సుల్తానాకు వచ్చింది చైనా. 1978లో మదనపల్లెలో చైనా వస్తువు చూపించమంటే కలెక్టరు కూడా తల గోక్కోవాల్సిందే.

రాత విషయంలో పిల్లకు వంక పెట్టడానికి లేదని యశోదమ్మే చెప్పింది. లైబ్రరీలో ఉన్న ఒకే ఒక్క లావుపాటి పుస్తకం ముందేసుకుని, నదులు, గోడ, పంటలు, పండ్లు ఏదీ వదలకుండా నలభై పేజీలు నింపింది. కానీ ఖాళీ బల్లను చిత్తూరుకు పంపరు కదా అని ఆవిడ నిట్టూర్చింది. ఆ నోటుబుక్కు సంగతి అలావుద్దీన్‌కు తెలుసు. అతనికి చదువు రాదు. అయినా రోజూ అన్నం తిన్నాక దాన్ని తెచ్చుకుని, ఒక్కోసారి తలకిందులుగా కూడా, పేజీ పేజీ తిప్పి మురిసిపోతుంటాడు. అలాంటి పిల్ల వస్తువు లేక వెనకపడటమా?

"చైనా నేను తెప్పిస్తాను టీచరమ్మా. శుక్రవారం పొద్దునకి బల్ల మీద ఉంటాది," అన్నాడు, చైనా అంటే పుంగనూరు దాటాక వచ్చే రెండో స్టాపు అన్నంత ధీమాగా.

ధీమా ఊరికే రాలేదు. అతని బావమరిది షంషుద్దీన్ కుప్పంలో ఉంటాడు, వారం వారం రైలెక్కి బెంగుళూరుకు కూరగాయలు తీసుకుపోతాడు. అక్కడ చెప్పులు కుట్టే చైనా వాళ్ళు ఉన్నారని ఎప్పుడో చెప్పాడు. కబురు అందితే చాలు. అలావుద్దీన్ సైకిలును బస్టాండు వైపు తిప్పాడు. రెడ్డెమ్మగారి గుండిగలు ఆ రోజంతా ఎదురుచూస్తూనే ఉన్నాయి.

పుంగనూరు బస్సు కదలబోతోంది. కండక్టరు మునిరాజు ఫుట్‌బోర్డు మీద నిలబడి విజిలు నోట్లో పెట్టుకున్నాడు. అలావుద్దీన్ పక్కనే పరుగెత్తుతూ చెప్పాడు: "మునిరాజూ, కుప్పంలో మా షంషుద్దీన్‌కి కబురు పంపప్పా. మా సుల్తానాకి శుక్రవారం బడిలోకి చీనీ సామాను కావాల. యెంత దొరికితే అంత."

చైనా వాటిని ఉర్దూలో చీనీ అంటారు. నోట్లోంచి ఇంటి మాట దొర్లింది, అంతే. మునిరాజు తలూపాడు. కానీ టిక్కెట్లు కొడుతూ, చిల్లర వెతుకుతూ, కోడిపెట్టతో ఎక్కిన ముసలమ్మతో వాదిస్తూ పోయేసరికి 'సామాను' దారిలో ఎక్కడో జారిపోయింది. మిగిలింది చీనీ ఒక్కటే.

పుంగనూరు బస్టాండులో కబురు అందుకున్నవాడు ముద్దుకృష్ణ. అతనిది పండ్ల అంగడి. ఈ సీమలో చీనీ అంటే పసిబిడ్డకు కూడా తెలుసు, రసం తీసుకునే చీనీకాయ. అలావుద్దీన్ తనకు ఇరవై ఏళ్ళ స్నేహితుడు, కూతురి బడికి ఆఫీసరు వస్తున్నట్టున్నాడు, రసాలు పోయాలి కాబోలు. మరి అంగడి ముందుండగా ఈ కబురు కుప్పం దాకా ఎందుకో ముద్దుకృష్ణకు అర్థం కాలేదు, కొంచెం రోషం కూడా వచ్చింది. గోతాం నిండా మంచి కాయలు ఏరి కట్టి పెట్టాడు. అయినా కబురు ఆపడం మర్యాద కాదని కుప్పం బస్సు డ్రైవరుకూ చెప్పాడు. ఆయన చెవిన పడింది ఇంతే: సుల్తానాకి, శుక్రవారం, చీనీ.

కుప్పంలో షంషుద్దీన్ ఆ మూడు మాటలనూ విడివిడిగా తూచాడు. వాళ్ళింట్లో చక్కెరను షక్కర్ అంటారు. కానీ బెంగుళూరులో పెద్దపెద్దవాళ్ళు దాన్నే హిందీలో చీనీ అనడం అతను విన్నాడు. తిత్తి ఊదుకునే బావ ఇంత నాగరికంగా కబురు పెట్టాడంటే విషయం పెద్దదే. శుక్రవారం మంచి రోజు. ఆడపిల్ల. చక్కెర. నోరు తీపి చేయడానికి కాకపోతే ఇంకెందుకు?

"పిల్లకి నిశ్చయం పెట్టుకొని మనకి డ్రైవరుతో చెప్పి పంపిస్తాడా మీ అల్లుడు?" అని తల్లి మైమూన్ బీని అడిగాడు. ఆ ముసలావిడ కాసేపు అలిగింది, కాసేపు ఏడ్చింది, తర్వాత పెట్టె తెరిచి జరీ దుప్పటా తీసింది.

శుక్రవారం పొద్దున బస్టాండులో అలావుద్దీన్ ముందు మొదట గోతాం దిగింది. విప్పి చూస్తే చీనీకాయలు. ఇవి నావి కావన్నాడు. నీవేనన్నాడు మునిరాజు. చైనా ఏదని అడిగితే, చైనా ఊసు నాతో ఎవరన్నారని ఎదురు అడిగాడు. అప్పుడు తన నోరు చేసిన పని అలావుద్దీన్‌కు తెలిసివచ్చింది. అంతలో పలమనేరు మీదుగా కుప్పం బస్సు వచ్చింది. అందులోంచి కొత్త బట్టల్లో, గోరింటాకు చేతుల్తో, అత్తరు ఘుమఘుమలతో పదకొండు మంది చుట్టాలు, వెనకే ఎర్రగుడ్డ చుట్టిన చక్కెర మూట దిగారు.

అతను నోరు తెరిచే లోపల షంషుద్దీన్ కావలించుకున్నాడు. అతను వివరించే లోపల మైమూన్ బీ పిల్ల ఎక్కడని అడిగింది. బడిలో ఉందని అతను నిజం చెప్పాడు, అది ఇంకా పెద్ద తప్పయింది. నిశ్చయం నాడు కూడా పిల్లను బడికి పంపిన అల్లుణ్ణి తిడుతూ ఆవిడ ముందు నడిచింది. మూటా, గోతామూ, చుట్టాలూ వెనక నడిచారు. అందరికన్నా వెనక, ఇచ్చిన మాట పోయిందని తలకొట్టేసినట్టుండగా, అలావుద్దీన్ నడిచాడు.

బడి హాల్లో ఆఫీసరు అప్పుడే జపాను ట్రాన్సిస్టరు విని, చైనా అని రాసిన అట్ట దగ్గరకు వచ్చాడు. బల్ల మీద నోటుబుక్కు తప్ప ఏమీ లేదు. సుల్తానా తల వంచుకుని నిలబడి ఉంది. మైమూన్ బీకి కనిపించింది వేరు: మెడలో దండ, ఒంటిమీద కోటు ఉన్న పెద్దమనిషి, ఎదురుగా తలవంచుకున్న మనవరాలు. పెళ్ళికొడుకు తండ్రి ఈయనే. సూటిగా వెళ్ళి, గుప్పెడు చక్కెర ఆయన నోట్లో పోసింది.

యశోదమ్మ కుర్చీ పట్టుకుంది. ఆఫీసరు చక్కెర మింగి, ఇదేమిటమ్మా అని అడిగాడు.

"చీనీ," అంది ముసలావిడ, కొడుకు దారి పొడుగునా నేర్పిన నాగరికమైన మాటతో.

అలావుద్దీన్ గుమ్మం దగ్గరే గోడకు ఆనుకుపోయాడు. తన మాట పోతే పోయింది, పిల్ల నవ్వులపాలు కాబోతోంది. కానీ సుల్తానా తలెత్తింది. అమ్మమ్మ చేతిలోని చక్కెరను చూసింది, గోతాంలోంచి దొర్లిన కాయలను చూసింది, తండ్రి మొహం చూసింది. ఒక కాయ తీసి బల్ల మీద పెట్టి, దీన్నేమంటారని తరగతిని అడిగింది. నలభై మందీ చీనీకాయ అన్నారు.

"మా వైపు బత్తాయి అంటామే," అన్నాడు ఆఫీసరు. ఆయనది నెల్లూరు వైపు.

"ఈ జాతి పండ్లు పుట్టింది చైనాలో సార్. మేము వాటిని సొంతూరు పేరుతోనే పిలుస్తాము. మీ నోట్లో పోసిన చక్కెరని కూడా హిందీలో చీనీ అంటారు, అదీ ఆ దేశం పేరే. చైనా మా ఇండ్లల్లోకి ఎప్పుడో వచ్చేసి ఉండాది సార్, మేమే గుర్తుపట్టలేదు."

నోటుబుక్కు తెరిచి పండ్ల పేజీ చూపించింది. ఆఫీసరు నిలబడే మూడు పేజీలు చదివాడు. ట్రాన్సిస్టరు కొనుక్కొస్తే దొరుకుతుంది, ఇది వెతికితేనే దొరుకుతుందని యశోదమ్మతో అన్నాడు. ఈ ఉపాయం ఎవరు చెప్పారని పిల్లను అడిగాడు.

"చైనా తెప్పిస్తానని మా అబ్బా టీచరమ్మకి మాటిచ్చినాడు సార్. తెప్పించినాడు."

హాలంతా గుమ్మం వైపు తిరిగింది. కళాయి మసి ఎప్పటికీ పూర్తిగా వదలని చేతులు అలావుద్దీన్ వెనక్కి దాచుకోబోయి, మానుకున్నాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి అవి కావలసి వచ్చాయి. ఇరవై ఏళ్ళుగా ఊరూరా గిన్నెలు మెరిపించాడు గానీ, ఇంతమంది ముందు తను మెరిసింది ఆ రోజే. చిత్తూరు పోయేది సుల్తానాయేనని ఆఫీసరు అక్కడే చెప్పాడు.

జరిగింది మొత్తం అలావుద్దీన్ ఆ సాయంత్రం చుట్టాలకు మూడుసార్లు వివరించాడు. మూడుసార్లూ వాళ్ళు శ్రద్ధగా తలలూపారు. అలావుద్దీన్ కూతురికి చైనా సంబంధం ఖాయమైందని, మగపెళ్ళివారు నెల్లూరులో ఉంటారని కుప్పంలో చాలాకాలం చెప్పుకున్నారు.