గాడిద కిరాయి, కుందేలు కాన్పు

ఒక పెద్ద అడవిలో నడవలేనివాళ్ళు తక్కువ, నడవకూడదనుకునేవాళ్ళు ఎక్కువ. అందుకే వాగు ఒడ్డున గాడిదల స్టాండు ఎప్పుడూ జనంతో కిటకిటలాడేది. గాడిదలు మాత్రం కదిలేవి కావు.

ఒకరోజు పొద్దున్నే చెంగయ్య అనే కుందేలు పరుగున అక్కడికొచ్చాడు. వెనకాలే భార్య బుల్లెమ్మ, నిండు చూలాలు, పొట్ట పట్టుకుని ఆగి ఆగి నడుస్తోంది. నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని ఎలుగుబంటి ఉండేదేమో కొండ అవతల.

స్టాండు పెద్ద, ఓబులయ్య అనే గాడిద, పడుకునే ఒక కన్ను తెరిచాడు.

"కొండ అవతలికా? ఐదు కట్టల గడ్డి."

"మొన్న రెండేగా అన్నా!"

"తిరిగి ఖాళీగా రావాలి. మా బాధ నీకేం తెలుసు?"

"కాన్పన్నా, కాస్త దయచూడు."

"కాన్పని గడ్డి తినడం మానేస్తామా?" అని ఓబులయ్య ఆ కన్ను కూడా మూసేశాడు.

చెంగయ్యకు ఒళ్ళు మండింది. "మీ పొగరు వల్లే నక్కగారు కొత్త సర్వీసు పెట్టారు. అక్కడికే పోతాం!" అని అరిచి, బుల్లెమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

నక్క జంబులింగం మహా తెలివైనవాడు. ఒక్క గాడిద కూడా లేకుండానే గాడిదల సర్వీసు పెట్టాడు. మద్దిచెట్టు కొమ్మ మీద ఒక చిలకను కూర్చోబెట్టాడు. అడిగితే చిలక కిరాయి చెబుతుంది, ఒప్పుకుంటే గాడిదను పిలుస్తుంది. అడిగేవాళ్ళు పెరిగేకొద్దీ కిరాయి పెరుగుతుంది. బేరం లేదు, గొడవ లేదు అని అడవంతా చాటింపు వేయించాడు.

"మంత్రసాని ఇంటికి ఎంత?"

"ఒక కట్ట," అంది చిలక.

అప్పుడే సరేనని ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఆ అడవిలో చెప్పిన ధరకు ఒప్పుకోవడం పరువు తక్కువ.

"కాస్త చూసి చెప్పమ్మా."

"రెండు కట్టలు."

"అదేంటి, ఇప్పుడేగా ఒకటన్నావు!"

"మూడు. మీరు అడిగిన ప్రతిసారీ ఒక కొత్త గిరాకీ కింద లెక్క."

పక్కచెట్టు మీది కోతులకు ఎక్కడికీ వెళ్ళే పని లేదు. అయినా రేటెంతో తెలుసుకోకుండా ఎలా ఉంటాయి? "మాకెంత? మాకెంత?" అని ఒకటే గోల. కిరాయి తొమ్మిదికి చేరింది.

"ఇంకొక్కసారి బేరమాడావంటే ఇక్కడే కనేస్తాను. సరేనను!" అంది బుల్లెమ్మ పళ్ళు కొరుకుతూ.

చెంగయ్య సరేనన్నాడు. రెండు నిమిషాల్లో గాడిద వస్తుందంది చిలక. ఆ రెండు నిమిషాలూ చాలాసేపు సాగాయి. చివరికి మెడలో వేపరొట్ట కట్టుకుని ఒక గాడిద వచ్చింది. చూస్తే ఓబులయ్యే.

"నువ్వా!"

"స్టాండులో అయితే ఓబులయ్యని. వేపరొట్ట కడితే జంబులింగంగారి భాగస్వామిని. ఎక్కడికెళ్ళాలండీ?"

"ఇందాకే చెప్పాగా, కొండ అవతలికి!"

"అటు రానండీ. కాన్సిల్ చేసుకోండి."

"రానన్నది నువ్వు. నువ్వే చెయ్యి!"

"నేను చేస్తే నాకు జరిమానా."

"నేను చేస్తే నాకు కాదా?"

ఇద్దరూ పంతం పట్టారు. కోతులు రెండు జట్లుగా విడిపోయి ఈలలు వేశాయి. గోల విని నక్క వచ్చాడు.

"గాడిదలు మా ఉద్యోగులు కారు, వాటితో మాకు సంబంధం లేదు. అయినా మీ అభిప్రాయం మాకెంతో విలువైనది. మా సేవకు ఐదు చుక్కలకు ఎన్ని చుక్కలు ఇస్తారు?" అన్నాడు చిరునవ్వుతో.

చెంగయ్య పిడికిలి బిగించాడు. అంతలో చెట్టు కింద నుంచి సన్నగా కిచకిచలు వినిపించాయి.

బుల్లెమ్మ ఎండుటాకుల మీద వెల్లకిలా పడి ఉంది. పక్కనే బొటనవేలంతేసి పిల్లలు ఆరు. అన్నీ క్షేమం. చెంగయ్యకు ఏడుపొచ్చింది. సిగ్గూ వేసింది. ఆ ఆదుర్దాలో ఒళ్ళు మరచి పైకి చూశాడు.

"పసిగుడ్లు, చలికి తట్టుకోలేరు. ఇంటికి తీసుకెళ్ళాలి. ఎంత?"

చిలక కిందికి వంగి, పిల్లల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది.

"ఈ చుట్టుపక్కల గిరాకీ ఒక్కసారిగా పెరిగిందండీ. పదహారు కట్టలు."

"ఇంటికైతే నేనొస్తాను!" అన్నాడు ఓబులయ్య హుషారుగా.

నీతి: కిరాయి తగ్గేదాకా పుట్టకుండా ఆగడం పిల్లల కనీస బాధ్యత.